ట్రూయిస్ట్ పార్క్‌లో బ్రేవ్స్ ఆట: గ్రౌండ్‌కి ఐదుకి నాలుగున్నర, టీమ్ తీరుకి మాత్రం రెండే

అట్లాంటా పక్కన కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది అడుగుతుంటారు, బేస్‌బాల్ చూడ్డానికి వెళ్ళొచ్చా, పిల్లలకి బోర్ కొట్టదా, క్రికెట్ తప్ప ఏమీ తెలీని మనకి అర్థమవుతుందా అని. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. నేను చాలా ఏళ్ళుగా వెళ్తున్నా, ఏడాదికి ఆరేడు ఆటలు, ఎక్కువగా ఒకే సెక్షన్లో టికెట్లు తీసుకుంటా. గ్రౌండ్ గురించి చెప్పాక ఇంకో సంగతి కూడా చెప్తా, అది చెప్పకుండా గ్రౌండ్ ఒక్కటే పొగిడితే సగం నిజమే చెప్పినట్టవుతుంది.

ట్రూయిస్ట్ పార్క్ అంటే అట్లాంటా బ్రేవ్స్ అనే బేస్‌బాల్ టీమ్ సొంత గ్రౌండ్, కానీ అట్లాంటా ఊళ్ళో లేదు, కాబ్ కౌంటీలో ఉంది. 2017లో మొదలైంది, 41 వేల మంది పడతారు. మార్టా (అట్లాంటా మెట్రో) ట్రైన్ ఇక్కడిదాకా రాదు, కారే దిక్కు, కాబట్టి పార్కింగ్ ముందే ఆన్‌లైన్లో కొనుక్కుని బయల్దేరండి, అక్కడికెళ్ళి చూద్దాంలే అనుకోవద్దు. పక్కనే బ్యాటరీ అని షాపులూ హోటళ్ళూ ఉన్న వీధులు, ఆట లేని రోజు కూడా సాయంత్రం పూట నడవడానికి బాగుంటుంది. సీట్లయితే మూడో బేస్ వైపు తీసుకోండి, నీడ ముందు అటే వస్తుంది, జూలైలో పిల్లల్తో వెళ్తే ఈ ఒక్క మాటకే నాకు థాంక్స్ చెప్తారు. గ్యాలన్ జిప్‌లాక్ కవర్లో పట్టేంత తిండి లోపలికి తీసుకెళ్ళొచ్చు, సీల్ తీయని నీళ్ళ బాటిల్ కూడా. మా ఆవిడ పులిహోర కడుతుంది, ఆరో ఇన్నింగ్స్ కల్లా కవర్ ఖాళీ.

పిల్లలకి బోర్ కొట్టదు, నాది గ్యారంటీ. ఇన్నింగ్స్ మధ్యలో 'ది ఫ్రీజ్' అని నీలం రంగు డ్రెస్సు వేసుకున్నాయన వస్తాడు, ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచి చాలా దూరం ముందుగా పరిగెత్తనిస్తారు, ఆ మనిషి గెలిచేశాననుకుని చేతులు పైకెత్తేలోపు ఈయన వెనకనుంచి రాకెట్లాగా వచ్చి దాటేస్తాడు. మా పాప ఆ అరనిమిషం కుర్చీ మీద నిలబడే ఉంటుంది. లోపల మాన్యుమెంట్ గార్డెన్ అని ఉంది, అది మాత్రం వదలొద్దు, బ్రేవ్స్ పాత దిగ్గజం హ్యాంక్ ఆరన్ విగ్రహం, వెనకాల ఆయన కొట్టిన 755 హోమ్ రన్లకి (మన సిక్సర్ లాంటివి) గుర్తుగా నిజమైన బ్యాట్లతో పేర్చిన 755 అంకె. నల్లవాడని జనం చూపిన ఎంత ద్వేషాన్ని మోసుకుంటూ ఆ మనిషి ఆ రికార్డుదాకా వెళ్ళాడో కాస్త చదువుకుని వెళ్ళండి, అక్కడ నిలబడితే మనసు వేరేలా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. 2023 సీజన్ చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ ఏడాది బ్రేవ్స్ 307 హోమ్ రన్లు కొట్టారు, ఇంతవరకు ఏ టీమూ అంతకంటే ఎక్కువ కొట్టలేదు. ఆ వేసవిలో ఒక రాత్రి మా పక్క సీట్లో ఒక పెద్దాయన, డెబ్బై దాటుంటాయి, ఒళ్ళో స్కోర్ పుస్తకం, చేతిలో చెక్కుకుని చెక్కుకుని వేలంత మిగిలిన పెన్సిలు. ప్రతి బంతికీ ఏదో గీత పెడుతున్నాడు. నేను కుతూహలం కొద్దీ తొంగి చూశా. ఎడమ పక్కన వరసగా పేర్లు, ఆకున్యా, ఆల్బీస్, రైలీ, ఓల్సన్, చక్కటి చేతిరాత. ఒక్క వరసలో మాత్రం పేరు లేదు, 20 అని నంబరే ఉంది. అదేంటండీ అనడిగితే, ఈ మనిషి కొట్టిన పరుగు పరుగే, దాన్ని చెరిపే హక్కు నాకు లేదు, పేరు రాయాలా వద్దా అన్నది మాత్రం నా పెన్సిల్ ఇష్టం అన్నాడు. 20 అంటే మార్సెల్ ఒజునా.

తెలీనివాళ్ళ కోసం చెప్తా. ఒజునాకి 2021 ఫిబ్రవరిలో బ్రేవ్స్ నాలుగేళ్ళకి 65 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. మే నెలాఖర్లో, వేళ్ళు విరిగి ఇంజర్డ్ లిస్టులో ఉండగా, భార్యని కొట్టిన కేసులో అరెస్టయ్యాడు. పోలీసులు ఇంట్లోకి వెళ్ళేసరికి ఆవిడ మెడ పట్టుకుని ఉన్నాడని వాళ్ళ రిపోర్టు. తర్వాత కేసు తగ్గి, డైవర్షన్ ప్రోగ్రామ్ (శిక్ష బదులు కోర్టు చెప్పిన కౌన్సెలింగ్ లాంటివి) పూర్తి చేస్తే కొట్టేసేలా ఒప్పందం అయింది. ఈ టీమ్‌లన్నీ ఆడే మేజర్ లీగ్ ఇరవై మ్యాచుల సస్పెన్షన్ వేసింది, అదీ 2021లో అప్పటికే లీవులో ఉన్న రోజుల్లోంచి లెక్కేశారు, అంటే ఆ ఇరవై మ్యాచుల జీతం పోయిందేమో గానీ 2022లో మొదటి రోజునుంచే బ్యాట్ పట్టుకుని దిగాడు. 2022 ఆగస్టులో నార్‌క్రాస్‌లో తాగి కారు నడిపిన కేసులో మళ్ళీ అరెస్టు. అప్పుడు ఇదే గ్రౌండ్లో జనం బూ అని అరిచారు. 2023 ఏప్రిల్లో బ్యాటింగ్ యావరేజ్ వందకి తొమ్మిది హిట్లు కూడా లేదు, తీసెయ్యండి వీణ్ణి, మిగిలిన డబ్బు పోతే పోయింది అని ఊరంతా ఒకటే మాట. సీజన్ అయ్యేసరికి 40 హోమ్ రన్లు, అదే ఊరు, అదే సీట్లు, నిలబడి చప్పట్లు. 2024లో 39 కొట్టి ఆల్ స్టార్ కూడా అయ్యాడు.

నాకు అక్కడే గుచ్చుకుంది. ఏప్రిల్లో తీసెయ్యమన్నప్పుడు అన్నవాళ్ళంతా భార్య సంగతి చెప్పారు, సీజన్ చివర్లో ఆ సంగతి ఎవరి నోటా రాలేదు. ఆ నాలుగైదు నెలల్లో అతను కొట్టిన దెబ్బేమీ మారలేదు కదా, మారింది యావరేజే.

ఇదేదో ఒక్క ఒజునా గొడవ కాదు. ఇదే బ్రేవ్స్ 2016లో ఏం చేశారో చూడండి. హెక్టర్ ఒలివేరా అని క్యూబా ఆటగాడు, అతనిదీ ఇంచుమించు అంతే కాంట్రాక్ట్, ఆరేళ్ళకి 62.5 మిలియన్లు. గృహహింస కేసులో ఏప్రిల్లో అరెస్టయితే లీగ్ 82 మ్యాచులు వేసింది, బ్రేవ్స్ ఆ వేసవిలోనే అతన్ని సాన్ డియాగోకి ఇచ్చేసి మ్యాట్ కెంప్‌ని తెచ్చుకున్నారు, సాన్ డియాగో వాళ్ళు కనీసం ఒక్క మ్యాచ్ ఆడించకుండా వదిలేశారు. మంచి పనే. కానీ ఒలివేరా హోమ్ రన్లు కొట్టేవాడు కాదు. 40 కొట్టి ఉంటే ఇచ్చేసేవారా? నేనైతే నమ్మను.

లీగ్ పాలసీ 2015 ఆగస్టులో వచ్చింది, గృహహింస, లైంగిక వేధింపు, పిల్లల మీద హింస, ఈ మూడింటికీ కలిపి. కోర్టులో శిక్ష పడకపోయినా కమిషనర్ సస్పెండ్ చెయ్యొచ్చు, అందులో తప్పేం లేదు, కోర్టుదాకా రాని కేసులు ఎన్నో మనకి తెలుసు. తప్పెక్కడంటే కింద ఇంత, పైన ఇంత అనే హద్దే లేదు. అందుకే ఈ పాలసీ కింద దొరికిన ఆటగాళ్ళలో ఫమిలియాకి 15 మ్యాచులు, చాప్‌మన్‌కి 30, ఆడిసన్ రసెల్‌కి 40, ఒసూనాకి (ఒజునా కాదు, వేరే మనిషి) 75, హెర్మాన్‌కి 81, డాడ్జర్స్ పిచ్చర్ బావర్‌కి మొదట 324 వేసి తర్వాత ఆర్బిట్రేటర్ 194కి తగ్గించాడు. బావర్ మీద క్రిమినల్ కేసే పెట్టలేదు, ఆరోపణలు తప్పని ఆయన ఈరోజుకీ అంటాడు, ఆయనకేమో అన్నిటికంటే పెద్ద శిక్ష, పోలీసుల కళ్ళ ముందే పట్టుబడ్డ మనిషికి ఇరవై. ఒక్కో కేసూ వేరేరకంగా ఉంటుంది నిజమే, ఒప్పుకుంటా, కానీ ఎందుకు ఇన్ని మ్యాచులు అన్నది మనకి లెక్క విప్పి చెప్పరు, అంకె చెప్పి ఊరుకుంటారు. ఇక మనం సీట్లో కూర్చుని ఊహించుకుంటూ పోట్లాడుకోవడమే.

అదే స్టెరాయిడ్స్‌తో దొరికితే మొదటిసారి 80, రెండోసారి 162, మూడోసారి జీవితకాలం, పైగా ఆ ఏడాది పోస్ట్‌సీజన్ (అక్టోబర్లో కప్పు కోసం జరిగే ఆటలు) కూడా ఆడనివ్వరు, చిన్నపిల్లాడు కూడా చెప్పేయగలడు. 2022లో తాతీస్ అంతటి స్టార్‌కి కూడా అదే 80. బెట్టింగ్ అయితే రూల్ 21, ప్రతి క్లబ్‌హౌస్‌లో గోడకి అంటించి ఉంటుంది, మార్కానో అనే కుర్రాడు 2024లో తన టీమ్ మ్యాచుల మీదే పందేలు కాశాడని జీవితకాలం బ్యాన్ చేశారు. కానీ చాప్‌మన్ 2016 మొదట్లో 30 మ్యాచులు కూర్చుని, జూలైలో కబ్స్‌కి ట్రేడై, అక్టోబర్ నవంబర్లో వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఆడి, 108 ఏళ్ళ కప్పు కరువు తీర్చిన టీమ్‌లో నిలబడి ఫొటో దిగాడు. స్టెరాయిడ్స్ వాడినవాడికి అక్టోబర్ లేదు, ఇంట్లో మనిషి మీద చెయ్యి చేసుకున్నాడని సస్పెండైనవాడికి అక్టోబర్ ఉంది. ఇది రాస్తుంటేనే నాకు కోపం వస్తోంది.

మా బావమరిది కమ్మింగ్‌లోనే ఉంటాడు, ఈ విషయంలో మా ఇద్దరికీ పడదు. "బావా, లీగ్ వేసిన శిక్ష అయిపోయింది, కోర్టు చెప్పిందీ చేశాడు, ఇంకా ఎన్నాళ్ళు మొయ్యాలి, మన ఊళ్ళో ఎవడైనా తప్పు చేసి శిక్ష అనుభవించి వస్తే పని ఇవ్వొద్దంటావా" అంటాడు. ఆ మాటలో న్యాయం లేదనను. పని ఇవ్వొద్దని నేను ఎప్పుడూ అనలేదు, కౌన్సెలింగ్ తీసుకుని మారినవాడు ఆడితే నాకేం బాధ లేదు. నేనడిగేది ఆ రెండో అవకాశం యావరేజ్ తక్కువున్నవాడికి కూడా ఇస్తున్నారా అని. ఒలివేరాకి మేజర్ లీగ్‌లో ఎవరూ ఇవ్వలేదే. అప్పుడు అది క్షమ కాదు, బేరం.

వాడి ఇంకో వాదన, రోస్టర్ ఇరవై ఆరుగురే, డబ్బు ఎలాగూ ఇవ్వాలి, 2022 చివర్లో ఇంకా రెండేళ్ళకి 36 మిలియన్లు బాకీ, ఆడించకపోతే టీమ్‌కే నష్టం అని. డాడ్జర్స్ 2023 జనవరిలో బావర్‌ని ఇరవై రెండు మిలియన్ల పైచిలుకు బాకీ ఉండగానే వదిలేశారు కదా, కుదరదని ఎలా అంటాం. పైగా ఒజునా లేకపోతే గడవదనేది అసలు అబద్ధం, ఆ రుజువు ఇదే గ్రౌండ్లో కళ్ళారా చూశాం. 2021లో మే తర్వాత ఒజునా లేడు, జూలైలో ఆకున్యా మోకాలు పోయింది, అవుట్‌ఫీల్డ్ ఖాళీ. టీమ్‌ని కూర్చే జనరల్ మేనేజర్ ఆంథొపౌలస్ ఒక్క నెలలో పెడర్సన్, సోలర్, రొసారియో, డువాల్ నలుగుర్నీ తెచ్చాడు, నవంబర్ 2న కప్పు గెలిచారు, సోలర్‌కే వరల్డ్ సిరీస్ ఎంవీపీ (బెస్ట్ ప్లేయర్). నేను చూసిన రోస్టర్ పనితనంలో అంత గొప్పది ఇంకోటి లేదు. ఆ పనితనం ఉన్నవాళ్ళకి ఇంకో బ్యాట్ దొరకదా?

మన హైదరాబాద్ వాళ్ళకి ఇది కొత్తేం కాదు. అజర్ మీద 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసినప్పుడు మా ఇంట్లో రెండు పార్టీలు, మా చిన్నాన్న ఆ మణికట్టు ఫ్లిక్ చూసినవాడెవడూ నమ్మడని ఒక వారం మాట్లాడలేదు, 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నప్పుడు స్వీట్లు పంచాడు. అభిమానం తీర్పు చెప్పేస్తుంది, మనకి తెలీకుండానే. అందుకే రూల్ ముందే రాసి పెట్టాలంటాను, అభిమాని చేతుల్లోనూ ఓనర్ చేతుల్లోనూ కాకుండా. మొదటిసారికి ఇన్ని, రెండోసారికి ఇన్ని, ఆ ఏడాది పోస్ట్‌సీజన్ లేదు, అంతే, పెద్ద కష్టమేం కాదు, స్టెరాయిడ్స్ విషయంలో చేసి చూపించారు కదా.

మా ఆవిడ మాత్రం వాదించదు. ఒజునా బ్యాటింగ్‌కి వచ్చినప్పుడల్లా పాపని తీసుకుని వాటర్ ఫౌంటెన్ దగ్గరికి వెళ్ళిపోయేది. మూడేళ్ళు అలాగే. హోమ్ రన్ కొట్టాడని అరుపులు వినిపించినా వెనక్కి తిరిగేది కాదు. ఆవిడకి వాళ్ళ ఊళ్ళో పెద్దమ్మ ఒకావిడ సంగతి గుర్తొస్తుందట, అంతకంటే చెప్పదు, నేనూ అడగలేదు.

ఆ నాలుగేళ్ళ మీద క్లబ్ ఇంకో ఏడాది పొడిగించింది, 2025తో ఒజునా కాంట్రాక్ట్ అయిపోయింది. పాపకి జెర్సీ కొనాలి, ఆకున్యా 13 అడుగుతుందనుకున్నా, మైకేల్ హారిస్ 23 కావాలంది, ఇక్కడి జార్జియా కుర్రాడే, సెంటర్ ఫీల్డ్‌లో అతను పరిగెత్తుకుంటూ క్యాచ్ పట్టడం చూస్తే మీక్కూడా నచ్చుతాడు. కొనేవాళ్ళు ఒక సైజు పెద్దది తీసుకోండి, లోపల టీషర్ట్ వేసుకుంటే సరిపోతుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏప్రిల్ మే నెలల్లో, వారం మధ్యలో ఆట చూసుకోండి, ఎండా జనమూ రెండూ తక్కువ. గంట ముందు చేరితే మాన్యుమెంట్ గార్డెన్ తీరిగ్గా చూడొచ్చు. మేం ఏప్రిల్లో మళ్ళీ వెళ్తున్నాం, ఆ పెద్దాయన కోసం ఇంకో కవర్ పులిహోర కడతానంది మా ఆవిడ, పోయినసారి ఎండుమిరపకాయలు ఒక్కొక్కటే తీసి స్కోర్ పుస్తకం అట్ట మీద పెట్టి మిగతాదంతా తినేశాడు.