పన్ను నొప్పికి ఎమర్జెన్సీ రూము: 5కి 2 స్టార్లు, ఆ రెండూ నర్సుకే

2012 నాటి సంగతి, అప్పుడు ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. మా అత్తయ్యకి మెడి-కాల్ ఉండేది, అంటే కాలిఫోర్నియాలో ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే హెల్త్ కవరేజీ. దవడ పన్ను పుచ్చి నెలల తరబడి సతాయిస్తుంటే లవంగం నొక్కిపెట్టుకుని నెట్టుకొచ్చింది. ఓ శనివారం రాత్రి చెంప బూరెలా పొంగి నోరు తెరవడమే కష్టమైపోయింది. ఇంకేం చేస్తాం, దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాం. పేరు రాయను, తప్పు వాళ్లది కాదు కాబట్టి.

ఐదు గంటలు కుర్చీల్లోనే. గుండెనొప్పి వాళ్లనీ యాక్సిడెంట్ వాళ్లనీ ముందు పిలుస్తారు, అది న్యాయమే. అత్తయ్య చెంపకి ఆనించుకున్న పచ్చి బఠాణీ ప్యాకెట్ కరిగి కరిగి చీర కొంగంతా తడిసిపోయింది. చివరికి డాక్టర్ లైటు వేసి చూసి, యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు రాసి, డెంటిస్టుని కలవమని కాగితం చేతిలో పెట్టాడు. పన్ను మాత్రం అలాగే ఉంది! అక్కడ డెంటిస్టూ లేడు, పన్ను బాగుచేసే సరంజామా లేదు. "ఆయన దగ్గరికెళ్లే దారే ఉంటే ఇక్కడికెందుకొస్తాంరా" అని అత్తయ్య నా మీద విసుక్కుంది.

ఆ దారి మూసింది రాష్ట్రమే. 2009 జూలైలో బడ్జెట్ లోటని మెడి-కాల్‌లో పెద్దవాళ్లకి డెంటల్ దాదాపు మొత్తం ఎత్తేశారు. ఫిల్లింగ్, రూట్ కెనాల్, కట్టుడు పళ్లు, అన్నీ సొంత డబ్బుతోనే. ఎమర్జెన్సీ వాళ్లు మాత్రం ఎవరొచ్చినా చూడాల్సిందే, ఫెడరల్ చట్టం అది, అందుకని జనం అక్కడికే పోయారు. 2015లో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, ఆ కోత తర్వాత పంటి బాధలతో ఎమర్జెన్సీకి రావడం ఏడాదికి 1,800 సార్లకు పైగా పెరిగింది, వాటి మీద ఏటా అయ్యే సగటు ఖర్చు 68 శాతం ఎక్కువైంది. పన్ను బాగుచేయడానికి లేని డబ్బు, బాగుచేయకుండా పంపడానికి మాత్రం దొరికిందన్నమాట!

2014 మేలో కొంత, 2018 జనవరిలో మిగతాది తిరిగిచ్చారు. అత్తయ్య పన్ను అప్పటిదాకా ఆగుతుందా? రూట్ కెనాల్‌తో నిలబడేదే, అంత డబ్బు లేక పీకించేశాం. 2025లో ఆమోదించిన బడ్జెట్‌లో సరైన ఇమిగ్రేషన్ స్టేటస్ లేని పెద్దవాళ్లకి 2026 జూలై నుంచి మళ్లీ డెంటల్ తీసేయాలని పెట్టారు, అది చదివాకే ఇదంతా గుర్తొచ్చింది.

రెండు స్టార్లంటారా, ఆ నర్సు కరిగిన బఠాణీలు తీసి ఐస్ ప్యాక్ ఇచ్చింది, కాగితం వెనక తక్కువ ఫీజు క్లినిక్ నంబరు చేత్తో రాసిచ్చింది. సోమవారం ఫోన్ చేస్తే రెండు నెలల తర్వాత రమ్మన్నారు.