స్టెరాయిడా, టోసిలిజుమాబా? ఊపిరితిత్తుల్లో రక్షక కణాలే తిరగబడితే ఏది మేలు?

తీవ్రమైన కోవిడ్‌లో ఈ రెండు మందుల్లో ఏది మెరుగని అడిగేవారికి నేను ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: ఈ పూట ఆ ఊపిరితిత్తుల్లో ఏ కణాలు ఉన్నాయి?

మామూలు రోజుల్లో వాయుగోణుల్లో, అంటే ఊపిరితిత్తుల చివరనుండే చిన్న గాలి సంచుల్లో, కాపురముండేవి మాక్రోఫేజ్‌లు. లోపలికొచ్చిన దుమ్మునీ సూక్ష్మజీవుల్నీ చప్పుడు చేయకుండా మింగేస్తుంటాయి. జబ్బు ముదిరితే ఈ పాతకాపులు తగ్గిపోయి, రక్తంలోంచి వచ్చిన మోనోసైట్లనే తెల్ల రక్తకణాలు ఆ చోటు ఆక్రమిస్తాయి. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాలు కూడా వచ్చిపడతాయి. సూక్ష్మజీవుల్ని పట్టడానికి ఇవి తమ డీఎన్‌ఏనే వలగా విసురుతాయని 2004లో బెర్లిన్ పరిశోధకులు బయటపెట్టారు. ఆ వలకు అంటుకున్న ఎంజైములు వాయుగోణుల పలుచని గోడల్ని కూడా దెబ్బతీస్తాయి. గోడలు కారి నీరు చేరితే ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కదు.

కోవిడ్‌లో దీనికి తోడు ఇంకో గొలుసు ఉంది. వైరస్ సోకిన మాక్రోఫేజ్ టి కణాల్ని పిలుస్తుంది, ఆ రక్షక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థం వదిలి మాక్రోఫేజ్‌ని ఇంకా రెచ్చగొడతాయి. వెంటిలేటర్ మీదున్న రోగుల ఊపిరితిత్తులు కడిగిన ద్రవాన్ని పరీక్షించి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు 2021లో ఈ సంగతి చెప్పారు.

డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కణం లోపలికే వెళ్లి, వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెంచే ఎన్నో జన్యువుల్ని ఒకేసారి అణచేస్తుంది. బ్రిటన్‌లో 2020లో జరిగిన రికవరీ అనే మందుల ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటర్ మీదున్నవారిలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారిలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అక్కర్లేనివారిలో మాత్రం స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 17.8, తీసుకోనివాళ్లలో 14.0. అంకెలు కీడు వైపే మొగ్గాయి. వైరస్‌ని ఇంకా తరుముతున్న కణాల చేతులు కట్టేస్తే జరిగేది ఇదేనని నా నమ్మకం. ఆక్సిజన్ బాగానే ఉన్న మనిషికి ముందుజాగ్రత్త పేరుతో స్టెరాయిడ్ మింగించడం నాకు భయం కలిగిస్తుంది.

టోసిలిజుమాబ్ ఒక్క తలుపే మూస్తుంది: వాపు పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతాన్ని అందుకునే గ్రాహకం. అదే రికవరీలో, సీఆర్‌పీ (రక్తంలో వాపు తీవ్రతను చూపే ప్రోటీన్) పెరిగి ఆక్సిజన్ తగ్గినవారికి ఇస్తే మరణాలు 35 శాతం నుంచి 31కి దిగాయి. అయితే వారిలో 82 శాతం మంది అప్పటికే స్టెరాయిడ్ మీద ఉన్నారు. కాబట్టి ఇది స్టెరాయిడ్‌కి పోటీ కాదు, తోడు. ఆక్సిజన్ అవసరం పడగానే స్టెరాయిడ్, అప్పటికీ వాపు ఎగబాకుతుంటే దానిమీద టోసిలిజుమాబ్. నా ఓటు ఈ వరుసకే. చవగ్గా, ఎక్కడైనా దొరికే మందు ముందు నిలవడం రోగికి అదృష్టమే.

ఇదే సూత్రాన్ని ఫ్లూకి అంటగట్టకూడదు. తీవ్రమైన న్యుమోనియాలో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మరణాల్ని 11.9 శాతం నుంచి 6.2కి తగ్గించిందని 2023లో ఫ్రాన్స్ ట్రయల్ చూపింది గానీ, అందులో ఫ్లూ రోగుల్ని చేర్చుకోలేదు.

టోసిలిజుమాబ్‌తో ఒక చిక్కుంది. ఇంటర్‌ల్యూకిన్-6 చెబితేనే కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది. ఈ మందు పడ్డాక కొత్తగా బ్యాక్టీరియా చేరినా ఆ అంకె లేవకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. ఆ వారాల్లో రిపోర్టులో సీఆర్‌పీ తగ్గిందని నిశ్చింతగా ఉండకుండా, కఫం రంగు, ఊపిరి వేగం, ఆక్సిజన్ ఎంత పెంచాల్సి వస్తోందో పూటపూటా చూసుకోవాలి.