క్రాంక్ బోల్టు మొండికేస్తే: 50 మి.మీ. పుల్లీ హోల్డర్

బరంపురం, గోపాల్‌పూర్ ఉప్పుగాలికి తుప్పెక్కిన హోండా కార్లను ఇంట్లో విప్పేవాళ్లకి ఈ పుల్లీ హోల్డర్ తప్పకుండా ఉండాల్సిన పనిముట్టు. క్రాంక్ బోల్టంటే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివర పుల్లీని (బెల్టు తిరిగే చక్రాన్ని) బిగించి ఉంచే బోల్టు. చాలా హోండా పుల్లీల మధ్యలో ఉండే 50 మి.మీ. ఆరుపలకల గుంటలో ఈ హోల్డర్ బిగుతుగా కూర్చుంటుంది, పుల్లీని కదలనివ్వదు. హోల్డర్ పిడికి గట్టి దన్ను పెట్టి, బోల్టు తలకి పట్టే 19 మి.మీ. సాకెట్‌కి మూడడుగుల బ్రేకర్ బార్ (పొడవాటి పిడి కడ్డీ) తగిలించి ఎడమకి, అంటే గడియారం ముల్లుకి ఎదురుదిశలో లాగండి. 40 కిలోల బలం పెడితే దాదాపు 360 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. సాకెట్‌కి, బార్‌కి మధ్య పొడవాటి ఎక్స్‌టెన్షన్ కడ్డీ వాడితే దాని చివర కింద జాకీ స్టాండు తప్పనిసరి, లేకపోతే వంగి సాకెట్ జారి బోల్టు తల అరిగిపోతుంది. దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే ఇంపాక్ట్ గన్‌తో అయితే ఎక్స్‌టెన్షనే వద్దు. మెలితిరిగి దెబ్బలో చాలా భాగం మింగేస్తుంది.

లోపం ఒకటే, సాకెట్ దూరే హోల్డర్ మధ్య రంధ్రం ఇరుకు. మందపాటి ఇంపాక్ట్ సాకెట్ దూరుతుందో లేదో కొనేముందే చూసుకోండి. బోల్టుకి బార్ తగిలించి, స్టార్టర్ తిప్పి బోల్టు వదిలించే పద్ధతి జోలికి మాత్రం పోకండి, బార్ ఎగిరితే చెయ్యి విరుగుతుంది.