85 శాతం చేతికిస్తామనే అంబ్రెల్లా కంపెనీలతో జాగ్రత్త

యూకేలో ఇన్‌సైడ్ ఐఆర్35 కాంట్రాక్టులు, అంటే ఉద్యోగిలాగే పన్ను పడే కాంట్రాక్టులు, చేస్తున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా పర్మనెంట్ ఉద్యోగం వదిలి ఇప్పుడిప్పుడే డే రేటులోకి (రోజుకి ఇంత అని డబ్బిచ్చే పనిలోకి) వస్తున్నవాళ్ళు పూర్తిగా చదవండి. డే రేటులో 80, 85 శాతం చేతికొస్తుందని ఏ అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్ని తన ఉద్యోగిగా చేర్చుకుని, ఏజెన్సీ ఇచ్చే డబ్బులోంచి జీతం ఇచ్చే మధ్య కంపెనీ) చెప్పినా ఫోన్ పెట్టేయండి. ఆ ఎక్కువ డబ్బంతా కట్టకుండా వదిలేసిన పన్నే. దాన్ని రేపు హెచ్ఎంఆర్‌సీ, అంటే ఇక్కడి పన్నుల శాఖ, అడిగేది మిమ్మల్ని.

నాకు జరిగింది ఇది. కాంట్రాక్టు ఖాయమయ్యాక రిక్రూటర్ ఒక అంబ్రెల్లా పేరు చెప్పాడు. వాళ్ళ తరఫున ఫోన్ చేసినతను తెలుగువాడే. "అన్నా, మనవాళ్ళు చాలామంది మా దగ్గరే ఉన్నారు. అంతా హెచ్ఎంఆర్‌సీ అప్రూవ్డ్. మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. నాకు మామూలు పీఏవైఈ జీతమే (పన్ను ముందే కోసి ఇచ్చే జీతం) కావాలని మెయిల్లో రాశాను, వాళ్ళు సరేనన్నాకే చేరాను. అయినా మొదటి జీతమే రెండు ముక్కలుగా పడింది. ఒకటి పేస్లిప్‌లో చూపించిన కనీస వేతనం. రెండోది ఎప్పుడూ పేరు వినని ఇంకో కంపెనీ నుంచి వచ్చింది, పేస్లిప్‌లో దాని ఊసే లేదు. అడిగితే ఒకావిడ అది అడ్వాన్స్ అంది, ఇంకొకతను క్రెడిట్ ఫెసిలిటీ అన్నాడు. చివరికి వాళ్ళ పోర్టల్లో ఉన్న కాగితాలన్నీ వెతికితే, హాలిడే పాలసీకీ టైమ్‌షీట్ రూల్స్‌కీ మధ్య ఒక లోన్ అగ్రిమెంట్ దూర్చి ఉంది. ఆ రెండో మొత్తం వెనక్కి పంపేసి కంపెనీ మారాను. నాకు రావాల్సిన హాలిడే పే మాత్రం వాళ్ళు ఎగ్గొట్టారు, మెయిళ్ళకు జవాబు కూడా ఇవ్వడం లేదు.

అసలు చేతికి ఎంత రావాలో తెలియకపోవడమే వీళ్ళకి పెట్టుబడి. రోజుకి 400 పౌండ్ల రేటు తీసుకుందాం, అంటే వారానికి 2,000. ఇందులోంచే ముందు యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత కోసం జీతం మీద కట్టేది) పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి అది 15 శాతం, ఏడాదికి 5,000 పౌండ్లు దాటిన జీతమంతటి మీదా పడుతుంది. తర్వాత 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ (శిక్షణల కోసం యజమాని కట్టే పన్ను), వారానికి ఓ 20 పౌండ్లు కంపెనీ మార్జిన్. ఇవన్నీ తీసేశాక మిగిలేదే మీ అసలు జీతం. దాంట్లోంచి మళ్ళీ ఇన్‌కమ్ ట్యాక్స్, 50,270 పౌండ్లు దాటిన దాని మీద 40 శాతం. పైన మీ వాటా నేషనల్ ఇన్సూరెన్స్. ఏడాది పొడవునా పని ఉంటే, పెన్షన్, స్టూడెంట్ లోన్ లేకుండా చూసినా చేతికొచ్చేది వారానికి దాదాపు 1,200, అంటే 60 శాతం. ఆ 85 శాతం కంపెనీ 1,700 ఇస్తానంటుంది. తేడా వారానికి 500, ఏడాదికి 26,000 పౌండ్లు. ఏ అకౌంటెంట్ తెలివీ చట్టబద్ధంగా అంత మిగల్చలేదు.

మిగిల్చే పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒకటే. కనీస వేతనం మీద పన్ను కట్టి, మిగతాదాన్ని అప్పు అని రాస్తారు. అప్పు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు కదా అని లాజిక్. అప్పు అనే మాటకి చెడ్డపేరు వచ్చాక యాన్యుటీ, గ్రాంట్, షేర్లు, ఆప్షన్లు అని పేర్లు మారుస్తున్నారు. ఎవరూ తీర్చమని అడగని అప్పు జీతం కాక ఇంకేమిటి? రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కేసులో 2017 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది కూడా దాదాపు ఇదే: పనికి ప్రతిఫలంగా ఇచ్చే డబ్బు ట్రస్టు గుండా తిరిగి వచ్చినా జీతమే, పన్ను పడుతుంది.

'అప్రూవ్డ్' అనే మాట గురించి ఒక్క ముక్క. హెచ్ఎంఆర్‌సీ ఏ స్కీమునీ అప్రూవ్ చెయ్యదు. వీళ్ళు చూపించే స్కీమ్ రిఫరెన్స్ నంబరుకి అర్థం, ఇది పన్ను తప్పించుకునే స్కీము కావచ్చని హెచ్ఎంఆర్‌సీకి ముందే సమాచారం ఉందని. దాన్నే సర్టిఫికెట్‌లా చూపించే ధైర్యం వీళ్ళకే చెల్లింది. పెద్ద బారిస్టర్ ఇచ్చిన ఒపీనియన్ ఉందంటారు. అది ఆ కంపెనీ కోసం రాయించుకున్నది, మిమ్మల్ని కాపాడదు.

తర్వాత ఏమవుతుందో తెలియాలంటే ఇలాంటి అప్పుల మీద వేసిన లోన్ చార్జ్ అనే పన్ను చరిత్ర చూడండి. 2016 బడ్జెట్‌లో ప్రకటించారు. 2019 ఏప్రిల్ 5 నాటికి తీరకుండా ఉన్న ఇలాంటి అప్పులన్నిటినీ ఒకే ఏడాది ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేశారు. మొదట 1999 దాకా వెనక్కి వెళ్ళారు. గొడవలయ్యాక, సమీక్ష జరిగాక, 2010 డిసెంబరు 9కి ముందు తీసుకున్నవాటిని వదిలేశారు. ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. స్కీములు అమ్మి కమిషన్లు తిన్న కంపెనీల్లో చాలావాటికి అప్పటికే తాళం పడింది. ఇంకో ఘోరం, కాగితం మీద అప్పు కాబట్టి ఆ లోన్ పత్రాలు వేరేవాళ్ళ చేతికి వెళ్ళి, అసలు తిరిగి కట్టమని నోటీసులు అందుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అంటే అదే డబ్బు మీద పన్నూ కట్టాలి, ఆ డబ్బూ వెనక్కివ్వాలి.

మనవాళ్ళకి ఇంకో ప్రమాదం వీసా. జీవిత భాగస్వామి వీసాకి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 12.21. వారానికి 37.5 గంటల లెక్కన అప్పుడు ఏడాదికి 24,000 కూడా వచ్చేది కాదు. మీరు లక్ష పౌండ్ల కాంట్రాక్టు చేస్తున్నా హోమ్ ఆఫీసుకి (వీసాలు చూసే శాఖ) కనిపించేది ఆ పేస్లిప్పే. మిగతాదాన్ని ఆదాయమని అక్కడ చూపిస్తే, హెచ్ఎంఆర్‌సీకి వేరే లెక్క ఎందుకు చెప్పారన్న ప్రశ్న వస్తుంది. పాత టియర్ 1 జనరల్ (నిపుణుల) వీసా మీద ఉన్న మనదేశం వాళ్ళు ఎంతమందికి ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఈ రెండు లెక్కల తేడా మీదే ఆగిపోయిందో ఇక్కడ పాతవాళ్ళని అడిగితే చెప్తారు. మార్ట్‌గేజ్, మెటర్నిటీ పే, పెన్షన్ కూడా ఆ చిన్న జీతం మీదే లెక్కేస్తారు.

చేరే ముందు ఏజెన్సీని కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అడగండి. 2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీ ద్వారా చేరేవాళ్ళకి అది ఇవ్వాలి, ఏమేం కోస్తారో, చేతికి ఎంతొస్తుందో అందులో ఉంటుంది. జీతం పడగానే పేస్లిప్‌లోని నికర మొత్తం, బ్యాంకులో పడిన మొత్తం పెన్నీతో సహా ఒకటేనా చూడండి. హెచ్ఎంఆర్‌సీ యాప్‌లో మీ పేరున నమోదైన జీతం కూడా పేస్లిప్‌లో పన్ను పడే జీతంగా చూపించినదానితో సరిపోవాలి. గవ్.యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఇలాంటి స్కీముల పేర్లూ వాటిని నడిపేవాళ్ళ పేర్లూ ఒక జాబితాగా ఉంటాయి, చూడండి. జాబితాలో లేనంత మాత్రాన మంచి కంపెనీ అనుకోవద్దు, పేరు మార్చి మళ్ళీ తెరవడం వీళ్ళకి అలవాటే. 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా ఎగ్గొట్టిన పీఏవైఈకి ఏజెన్సీని కూడా బాధ్యుల్ని చేసేలా చట్టం మారింది. కాబట్టి మంచి ఏజెన్సీ అయితే మీరు ప్రశ్నలు వేస్తే విసుక్కోదు.

ఇప్పటికే ఇలాంటిదాంట్లో ఉంటే ఈ వారమే బయటికి రండి. ఆలస్యమైన పన్ను మీద వడ్డీ 2025 ఏప్రిల్ నుంచి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు మీద 4 శాతం అదనం, రోజురోజుకీ పెరుగుతుంది. హెచ్ఎంఆర్‌సీ ఉత్తరం వస్తే 'మేం చూసుకుంటాం' అన్న కంపెనీ మాట నమ్మి పక్కన పడేయొద్దు, జవాబు ఇవ్వాల్సింది మీరే. వాళ్ళు మిమ్మల్ని అడగకముందే మీరే రాసి చెప్తే పెనాల్టీ తగ్గుతుంది, వాయిదాల మీద కట్టే వీలు కూడా ఉంది. ఆ కంపెనీతో సంబంధం లేని ట్యాక్స్ అడ్వైజర్ని పట్టుకోండి. బయటికి వస్తున్నామని వాళ్ళకి చెప్పకముందే కాంట్రాక్టు, లోన్ అగ్రిమెంట్, పేస్లిప్పులు, మెయిళ్ళు అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. నేను మెయిల్ పెట్టిన మర్నాడే నా లాగిన్ తీసేశారు.