కొపాలిస్‌లో క్లామ్‌లు తవ్వడానికి: కారా, చిన్న విమానమా?

సియాటిల్ వైపు ఉండి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకు ఏదో ఒక రోజు ఈ సరదా పుడుతుంది. పొద్దున్నే విమానం తీసి, పసిఫిక్ ఒడ్డున ఇసుక మీదే దింపి, రేజర్ క్లామ్‌లు (ఇసుకలో దాక్కునే, తినే గుల్ల జీవులు) తవ్వుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరడం. అలా దిగనిచ్చే చోటు వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక్కటే, కొపాలిస్. పేరుకు స్టేట్ ఎయిర్‌పోర్ట్, చూస్తే ఉత్త ఇసుక. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయినప్పుడు బయటపడే తడి, గట్టి ఇసుకే రన్‌వే.

రోడ్డు మీద రెండున్నర, మూడు గంటలు. సెస్నా 172 లాంటి చిన్న విమానానికి ముప్పావు గంట చాలు. ఇంతవరకే చూస్తే విమానమే మేలనిపిస్తుంది. కానీ బయల్దేరే ముందు విమానాన్ని చుట్టూ తిరిగి చూసుకోవాలి, వాతావరణం చదువుకోవాలి. తిరిగొచ్చాక ఉప్పు తుప్పు పట్టించకుండా మొత్తం కడగాలి. అన్నీ కలిపితే మిగిలేది గంటో గంటన్నరో.

పైగా అద్దె విమానమైతే ఇసుక మీద దింపడానికి చాలా క్లబ్బులు ఒప్పుకోవు. నేను వెళ్లింది కూడా సొంత విమానం ఉన్న మిత్రుడి పక్క సీట్లోనే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సీజన్‌ది. శరదృతువులో, చలికాలంలో తవ్వడానికి పనికొచ్చే ఆటు సాయంత్రం వస్తుంది. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. చీకట్లో ఇసుక మీద విమానం దింపాలనుకోవడం పిచ్చిపని. వసంతంలో ఆటు ఉదయం పూట వస్తుంది కాబట్టి విమానానికి కుదిరేది అప్పుడే. అదీ సముద్రం మీంచి పొగమంచు రాకపోతే. మేం నాలుగు సార్లు ప్లాన్ చేస్తే రెండు సార్లే ఎగిరాం.

ఇంకో తిరకాసు ఉంది. కొపాలిస్ ఎయిర్‌పోర్ట్ కొపాలిస్ నదికి ఉత్తరాన ఉంది. క్లామ్‌ల లెక్కలో నదికి దక్షిణం కొపాలిస్ బీచ్, ఉత్తరం మోక్రాక్స్ బీచ్. చేపల శాఖ చాలాసార్లు ఈ రెంటినీ రోజు విడిచి రోజు తెరుస్తుంది. 'ఈరోజు కొపాలిస్ ఓపెన్' అని చూసి కొపాలిస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే, చేతిలో పార ఉన్నా తవ్వే వీలుండదు. కారైతే వంతెన దాటి అవతలికి పోతే సరి.

తిరుగు ప్రయాణం సంగతి చెప్పనే లేదు. కారు స్టార్ట్ కాకపోతే టో ట్రక్కును పిలుస్తాం. విమానం మొరాయిస్తే అలలు ఆగవు కదా! మెత్తటి ఇసుకలో చక్రం దిగబడ్డా అంతే. తవ్వుతున్నంతసేపూ మిత్రుడి చూపు బకెట్‌లో కన్నా నీటి అంచు మీదే ఉంది.

దగ్గర్లోని ఓషన్ షోర్స్ ఊళ్లో తారు రన్‌వే మీద దిగడం మధ్యేమార్గం. అద్దె విమానానికి ఇబ్బంది లేదు, కానీ అక్కడ దిగాక చేతిలో బండి ఉండదు. బూట్లు, పార, బకెట్ మోసుకుంటూ ఒడ్డుకు నడవడం నాకు నచ్చలేదు. మూడింట్లో చివరి స్థానం దీనికే.

తవ్వే రూల్స్ ఎలా వెళ్లినా ఒకటే. పదిహేనేళ్లు నిండినవాళ్లకు లైసెన్స్ ఉండాలి, మనిషికి రోజుకు మొదట తవ్విన 15, విరిగినవీ లెక్కలోకే, ఎవరి సంచి వాళ్లదే. క్లామ్‌లలో చేరే డొమోయిక్ ఆసిడ్ అనే విషం పరీక్షలో బీచ్ పాసైందో లేదో తప్పక చూడండి. ఆ విషం ఉడికించినా పోదు.

పిల్లలతో, మొదటిసారి వెళ్తుంటే కారే. సొంత విమానం, ఇసుక మీద దిగిన అనుభవం, ఏప్రిల్ ఉదయం, మోక్రాక్స్ తెరిచిన రోజు, ఈ నాలుగూ కలిస్తే మాత్రం విమానాన్ని వదులుకోకండి. పైనుంచి నది సముద్రంలో కలిసేచోటు చూస్తే కడుగుడు కష్టం కూడా మర్చిపోతారు.

ఈ డిసెంబరుకు మాత్రం మేం కారులోనే, తలకు లైట్లు కట్టుకుని.