పెట్రోల్ ట్యాంకు లోపల ఎపాక్సీ పూత: ఆరేళ్లు వాడాక

నా పాత మోటార్‌సైకిల్ ట్యాంకు లోపల ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే రాయిలా గట్టిపడే మందు) పూత వేసుకుని ఆరేళ్లు దాటింది. వేసిన కొత్తలో ఎవరడిగినా "ఇక ఈ ట్యాంకు సంగతి మర్చిపోవచ్చు" అని చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనలేను. అలాగని ఈ పూత మీద ఇష్టం మాత్రం తగ్గలేదు.

ఇష్టానికి కారణం వాసన. అంతకుముందు రెండేళ్లపాటు పొద్దున్నే బండి పెట్టిన గది తలుపు తీస్తే మొహానికి పెట్రోలు వాసన కొట్టేది. నేల మీద చూస్తే చుక్క ఉండేది కాదు. సన్నగా చెమర్చే ట్యాంకు అంతే, చుక్క కట్టేలోపే పెట్రోలు ఆవిరైపోతుంది. గచ్చు పొడిగా ఉంటుంది, గది నిండా ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడే పాకుతుంది. ఆ గదిలో స్విచ్ వేయాలన్నా భయమేసేది. పూత వేసిన మర్నాటి నుంచీ కాదు గానీ, ట్యాంకు బిగించి పెట్రోలు పోసిన మొదటి పొద్దున తలుపు తీస్తే గదికి మామూలు గది వాసన వచ్చింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కారేది ఎక్కడో కనిపెట్టడానికే చాలా రోజులు పట్టింది. పెట్రోల్ కాక్ (ట్యాంకు అడుగున పెట్రోలు వదిలే కుళాయి) వాషరు పోయిందనుకుని రెండుసార్లు మార్చాను. ట్యాంకు అడుగున రంగు పొక్కులు లేస్తుంటే పాత రంగు కదా అని ఊరుకున్నాను. నిజానికి ఆ పొక్కులే మొదటి ఆనవాలు. గోటితో గిల్లితే కింద తడి ఉంది. చివరికి అడుగంతా శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాసి గంటసేపు వదిలేశాను. అతుకు వెంబడి ఒకచోట సుద్ద సూదిమొనంత మేర తడిసి రంగు మారింది. కాక్‌కీ దానికీ నాలుగు వేళ్ల దూరం.

మొదట సబ్బు రుద్దాను. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి ఇంటికి చేరేదాకా పనికొస్తుంది, అంతకుమించి ఆశించకూడదు. తర్వాత బయటి నుంచి ఎపాక్సీ ముద్ద పెట్టాను. దాని మీద నాకింకా మంట ఉంది. ముద్ద రాయిలా గట్టిపడింది, చూడ్డానికి ఎంత బాగుందో! మూడు నెలలయ్యాక గోరు పెడితే బిళ్లలా మొత్తం ఊడొచ్చింది, కిందంతా తడి. ముద్ద పట్టాలంటే కింద రంగూ తుప్పూ లేని ఒట్టి ఇనుము కావాలి, అది పొడిగా ఉండాలి. నేను ట్యాంకు ఖాళీ చేశానే గానీ, ఆ చిల్లు లోపలి నుంచి చెమరుస్తూనే ఉంది. పైగా తుప్పు తినేది లోపల, నేను మందు వేసింది బయట.

వెల్డింగ్ గురించి ఒక్క మాట. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటే ప్రమాదం. లోపలి గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం ఉన్నా నిప్పు తగిలితే పేలుతుంది. పని తెలిసినవాళ్లు బాగా కడిగాక కూడా, అతికే చోటు ఒక్కటీ పైకి ఉండేలా తిప్పి మిగతాదంతా నీళ్లతో నింపి చేస్తారు. అది ఇంట్లో చేసుకునే పని కాదు. తగరం, సీసం కలిసిన మాటు 190 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి రాగి కడ్డీ కాల్చి, మంట లేకుండానే వేయొచ్చు. ఒకే చిల్లయితే నేనూ అదే వేయించేవాణ్ని. నాది ఒకే చిల్లు కాదని తర్వాత తెలిసింది.

పూతకు ముందు తుప్పు వదిలించాలి. నలభై నట్లు లెక్కపెట్టి లోపల వేసి, సబ్బు నీళ్లు పోసి, దుప్పట్లో చుట్టి చేతులు నొప్పెట్టేదాకా ఊపాను. నలభై తిరిగి బయటికొచ్చాయో లేదో కూడా లెక్కపెట్టుకోవాలి, ఒకటి లోపల ఉండిపోతే ఆ చప్పుడు బండి ఉన్నంతకాలం వినాలి. తర్వాత ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న తుప్పు మందు పోసి, చేతులకు తొడుగులతో, ఆరుబయట, ఒక రాత్రి ఉంచాను. పొద్దున అది పారబోసి నీళ్లు నింపితే ట్యాంకు అడుగున ఐదు చోట్ల నీళ్లు సన్నగా కారాయి. ముందురోజు దాకా ఒక్కటే. మిగతా నాలుగు చిల్లులకూ ఇన్నాళ్లూ తుప్పే బిరడాలా అడ్డుపడి ఉంది. ఉన్నదాన్ని పాడు చేసుకున్నానేమోనని ఆ పూట చాలా దిగులుపడ్డాను. ఐదూ అడుగు అతుకు వెంబడే, ఒకే వరసలో ఉన్నాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే పైభాగంలో గాలి తేమ చల్లబడి నీరవుతుంది, పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుక్కి దిగి అతుకులో కూర్చుంటుంది. ఏళ్ల తరబడి అక్కడే తిన్నదన్నమాట.

కడిగిన ఇనుము తడిగా ఉంటే నిమిషాల్లో మళ్లీ నారింజ రంగు తిరుగుతుంది. అందుకని నీళ్లు వంచేసిన వెంటనే స్పిరిట్‌తో రెండుసార్లు కడిగి, ఆరుబయట గాలికి ఆరబెట్టాను. వేడిగాలి మిషను పెడదామని మనసు లాగింది గానీ స్పిరిట్ ఆవిరి పోకుండా దాన్ని దగ్గరికి తేలేదు. బయటి నుంచి చిల్లుల మీద టేపు అంటించి, కాక్ రంధ్రానికి బోల్టు బిగించి, మూతకు రబ్బరు బిరడా పెట్టి, రెండు భాగాలూ కలిపిన మందు లోపల పోసి తిప్పడం మొదలుపెట్టాను. నెమ్మదిగా, ప్రతి మూలకూ పాకేలా, ఫ్రేమ్ మీద కూర్చునే గుంట వంపు దాటి రెండో వైపుకూ వెళ్లేలా. మిగిలిన మందు తప్పకుండా వంచేయాలి. ఒకచోట మడుగులా నిలిస్తే అది లోపలిదాకా ఆరదు. తర్వాత నాలుగు రోజులు ముట్టుకోలేదు.

మూడేళ్ల దాకా చెప్పుకోవడానికేమీ లేదు. ఫిల్టరులో అంతకుముందు వారానికోసారి కనిపించే ఎర్రపొడి అసలు కనిపించలేదు. కార్బురేటర్ జెట్ విప్పాల్సిన పనే పడలేదు. కారడం ఆగాలని చేసిన పనికి ఇది అనుకోని లాభం.

నాలుగో ఏడు ఒకరోజు పెద్ద రోడ్డు మీద వేగం పెంచగానే ఇంజను ఊపిరాడనట్టు తన్నుకుని ఆగిపోయింది. రెండు నిమిషాలాగితే స్టార్టయింది. మళ్లీ రెండు కిలోమీటర్లు, మళ్లీ అదే. మూతలోని గాలి రంధ్రం పూడిందేమోనని మూత వదులు చేసి నడిపాను, తేడా లేదు. కాక్‌ను రిజర్వ్‌కి తిప్పాను. ఇంకా అధ్వాన్నమైంది, అర కిలోమీటరుకే ఆగింది. అక్కడ నాకు వెలిగింది. మామూలుగా పెట్రోలు కాక్ లోపల నిలబడ్డ గొట్టం పై నుంచి దిగుతుంది, రిజర్వ్‌లో మాత్రం అడుగు నుంచే లాగుతుంది. అంటే అడ్డుపడేదేదో అడుగున ఉంది. మళ్లీ మెయిన్‌లో పెట్టి, వేగం ముప్ఫై దాటకుండా ఇల్లు చేరాను.

కాక్ విప్పితే జాలీకి ఉల్లిపొరలాంటి పెచ్చు అతుక్కుని ఉంది. నా పూతే. ఇంజను లాగినప్పుడు జాలీకి అంటుకుని, ఆపగానే వదిలేసి పక్కకు జారుతోంది. మిగతా ట్యాంకులో పూత ఊడిందేమోనని గుండె ఆగినంత పనైంది. సన్నటి ఎల్‌ఈడీ టార్చి, చిన్న అద్దం పెట్టి చూస్తే (ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టాకే) అంతా గాజులా గట్టిగా ఉంది, కాక్ రంధ్రం చుట్టూ తప్ప. అక్కడ మాత్రం అంచు లేచి ముడుచుకుంది.

తప్పు నాదే. పూత పూర్తిగా గట్టిపడ్డాక ఆ రంధ్రంలోని బోల్టు విప్పాను. మందు బోల్టుకూ కరుచుకుని ఉంది, దాంతోపాటు అంచు చిన్నగా చిరిగి లేచింది. ఆ రోజు చూశాను కూడా, ఏముందిలే అనుకున్నాను. లేచిన అంచు కిందికి పెట్రోలు, అందులో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్, అది పట్టుకొచ్చిన తేమ నాలుగేళ్లు పాకాయి. బోల్టు మరలకు ముందే గ్రీజు రాసి, మందు ఇంకా రబ్బరులా ఉన్నప్పుడే బ్లేడుతో అంచు కోసి విప్పుంటే ఇది జరిగేది కాదనే నా నమ్మకం. ఊడుతున్న మేర గట్టి పూత తగిలేదాకా గీకేసి, ఉప్పు కాగితంతో గరుకు చేసి, వంచిన బ్రష్షుతో రంధ్రంలోంచే కొత్త మందు రాశాను. రెండేళ్లుగా నిలిచే ఉంది. కానీ ఇప్పుడు ఆరు నెలలకోసారి కాక్ విప్పి చూస్తున్నాను. మర్చిపోవచ్చన్న ట్యాంకు గురించి ఏడాదికి రెండుసార్లు ఆలోచిస్తున్నట్టే కదా.

ఇంకో సంగతి మొదట్లో ఎవరికీ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఒకసారి లోపల పూత వేశాక ఆ ట్యాంకుకి మంట పెట్టే పనేదీ చేయించలేం. సొట్ట తీయించాలన్నా, అతుకు వేయించాలన్నా వేడికి పూత మాడి ఊడుతుంది. నా ట్యాంకుకి ఎడమ పక్క సొట్ట ఉంది. ముందే తీయించాల్సింది.

కాబట్టి వేయించుకోవచ్చా అని అడిగితే, నా బండి లాంటిదైతే వేయించుకోమంటాను. నాది రేకు ట్యాంకు, చిల్లులు సూదిమొనంతవి, చుట్టూ ఇనుము గట్టిగానే ఉంది. బండి వారానికి మూడు నాలుగుసార్లు కదులుతుంది, ట్యాంకు ఎప్పుడూ ముప్పాతిక పైనే ఉంచుతాను. బొటనవేలితో నొక్కితే అడుగు లోపలికి పోయేంత పల్చబడితే మాత్రం ఈ పూత దాన్ని మోయలేదు. అప్పుడు ఆ ముక్క కోసి కొత్త రేకు వేయించడమో, వేరే ట్యాంకు వెతుక్కోవడమో తప్పదు. నెలల తరబడి బండి కదలకుండా ఉండేవాళ్లకు ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో నా అనుభవంతో చెప్పలేను. కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉందో లేదో మాత్రం చూడండి. కొన్ని పాత రకాల పూతలు ఇథనాల్‌కి మెత్తబడి జిగురులా కార్బురేటర్‌లోకి దిగుతాయి.

పోయిన నెల కాక్ విప్పి చూశాను. నేను రాసిన కొత్త అతుకు అలాగే ఉంది, దానికి అవతల వైపు పాత పూతలో వెంట్రుకంత గీత కనిపించింది. అది చీలికో, బ్రష్షు గీతో తేలలేదు. ఫోటో తీసి పెట్టుకున్నాను, వచ్చేసారి పక్కన పెట్టి చూడాలి. గదిలో మాత్రం ఇప్పటికీ పెట్రోలు వాసన లేదు.