.243 ఆక్లీ గో గేజ్: మంచిదే, ఒక్కటే కొంటే చాలదు

గో గేజ్ అంటే రైఫిల్ చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) పెట్టి దాని లోతు చూసే తూటా ఆకారపు ఉక్కు ముక్క; దాని మీద బోల్ట్ (చాంబర్‌ను వెనకనుంచి మూసే కడ్డీ) మూసుకోవాలి. ఇది .243 విన్‌చెస్టర్‌కు ఆక్లీ అనే మార్పుచేసిన చాంబర్ కోసం. ఈ గేజ్ నాణ్యతకు వంక పెట్టలేను. చాలాకాలం వాడినా షోల్డర్ (మెడ వైపు సన్నబడే వాలు) అంచు చెక్కుచెదరలేదు, తుప్పు లేదు. నా కోపమల్లా దీన్ని ఒక్కదాన్నే పెట్టెలో పెట్టి ‘హెడ్‌స్పేస్‌కు (బోల్ట్ ముఖానికీ, తూటాను ఆపే చోటుకూ మధ్య దూరానికి) ఇది చాలు’ అన్నట్టు అమ్మడం మీద.

ఫ్యాక్టరీ .243 విన్‌చెస్టర్ తూటా షోల్డర్ 20 డిగ్రీలు, ఆక్లీ చాంబర్ షోల్డర్ 40. ఫ్యాక్టరీ తూటాను ఆ చాంబర్‌లో పేల్చినప్పుడే కేస్ (ఇత్తడి తొడుగు) కొత్త ఆకారానికి ఉబ్బుతుంది. ఆ మొదటిసారి తూటా ముందుకు జారకుండా ఆపేది మెడ, షోల్డర్ కలిసేచోట ఉండే సన్నటి చుట్టు ఒక్కటే. అక్కడ బిగువుండాలనే మామూలు గో గేజ్ 1.630 అంగుళాలైతే, ఇది నాలుగు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) తక్కువగా 1.626 ఉంటుంది.

చిక్కేమిటంటే, చాంబర్ ఎంత లోతుగా ఉన్నా ఈ గేజ్ మీద బోల్ట్ హాయిగా మూసుకుంటుంది. ఫ్యాక్టరీ బ్యారెల్‌ను వెనక్కి జరపకుండా ఆక్లీ రీమర్ (చాంబర్ కోసే పనిముట్టు) దింపేసినా అంతే, ‘గో’ పాసవుతుంది. తూటా మాత్రం వదులుగా కూర్చుంటుంది. పేలగానే కేస్ గోడ చాంబర్‌ను పట్టేసుకుంటుంది, అడుగు భాగం వెనక్కి తన్ని బోల్ట్‌ను తాకుతుంది, మధ్యలో ఇత్తడి సాగుతుంది. రిమ్‌కు (కేస్ అడుగు అంచుకు) కాస్త పైన మెరిసే గీతలా చుట్టు కనిపిస్తే అది ఆ సాగుడు గుర్తే. పేపర్ క్లిప్ కొన వంచి కేస్ లోపల గోడ వెంట లాగితే గాడి తగులుతుంది. అలాంటి బ్రాస్‌ను (పేల్చిన కేస్‌ను) మళ్లీ లోడ్ చేయకూడదు, రెండు ముక్కలవుతుంది.

దీనికి మందు చాలామంది డ్రాయర్‌లోనే ఉంటుంది: మామూలు .243 గో గేజ్. ఆక్లీ చాంబర్‌కు అదే నో-గో, అంటే బోల్ట్ మూసుకోకూడని గేజ్. 1.626 మీద బోల్ట్ మూసుకోవాలి, 1.630 మీద మూసుకోకూడదు. విడిగా నో-గో కొనక్కర్లేదు.

సావేజ్ కంపెనీ రైఫిళ్ల తరహాలో నట్‌తో బిగించే బ్యారెల్‌కు ఈ జత బాగా పనికొస్తుంది. ముందు బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ను బయటకు తోసే భాగం) తీసేయాలి. స్ప్రింగులుంటే వేలికి ఏమీ తెలియదు. ఆక్లీ గో పెట్టి, బోల్ట్ మూసి, తగిలేదాకా బ్యారెల్ తిప్పి నట్ బిగించాలి. నట్ బిగిసేటప్పుడు మరల్లోని సందును లాగేసి బ్యారెల్‌ను కొద్దిగా ముందుకు తెస్తుంది, హెడ్‌స్పేస్ ఒకటి రెండు థౌ పెరగొచ్చు. అంగుళానికి 20 మరలు కాబట్టి నాలుగు థౌ అంటే 29 డిగ్రీల తిప్పుడు, అంతే. అందుకే బిగించాకే అసలు పరీక్ష. గేజ్ అడుగున ఒక పొర సెల్లోటేప్ అంటిస్తే సుమారు రెండు థౌ పెరుగుతుంది, అప్పుడు బోల్ట్ చివర్లో బరువెక్కాలి. చాంబర్‌లో లోహపు పొట్టు ఒక్కటి మిగిలినా ఈ లెక్కంతా అబద్ధమే. మామూలు గేజ్ ఆనేది ఆ సన్నటి చుట్టు మీదే కాబట్టి దానికి మరీ ప్రమాదం.

నాణ్యత గురించి పైన అన్నమాటకు ఒక సవరణ. రీమర్ ఆ మెడ మూలను ఎంత గుండ్రంగా కోసిందన్నదాన్ని బట్టి రెండు గేజ్‌లు చెప్పే తేడా మారుతుంది. గేజ్, రీమర్ ఒకే డ్రాయింగ్ ప్రకారం చేసినవైతేనే నేను దీన్ని నమ్ముతాను. చివరి తీర్పు ఫ్యాక్టరీ తూటాదే: బోల్ట్ హ్యాండిల్ కిందికి దిగేటప్పుడు చివర్లో బిగువు తగలాలి. తగలకపోతే ఆ తూటాతో ఫైర్‌ఫార్మింగ్ (పేల్చి కేస్‌కు కొత్త ఆకారం ఇవ్వడం) వద్దు.

నట్ బ్యారెల్ ఉండి, బ్రాస్ సొంతంగా తయారుచేసుకునే వాళ్లకు కొనమనే చెబుతాను. నట్ కాకుండా తనకే మెట్టు (దాన్నీ షోల్డర్ అనే అంటారు) ఉన్న బ్యారెల్‌ను లేత్ మీద ఒక మర వెనక్కి కోయాలి, అది గన్‌స్మిత్ పని, గేజ్‌లు ఆయన దగ్గరే ఉంటాయి. ఇదంతా అమెరికా మాట. ఇండియాలో తుపాకీ మార్చాలంటే ఉంచుకునే లైసెన్సు చాలదు, 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద విడిగా లైసెన్సు కావాలి. .280 ఆక్లీ వాళ్లు మరో జాగ్రత్త పడాలి: 2007లో సామీ (అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణంలోకి వెళ్లిన చాంబర్, పాత ఆక్లీ చాంబర్ కొలతల్లో వేరు. ఒకదాని గేజ్‌తో రెండోదాన్ని కొలవకండి.